నంబరు పడిన పళ్లు

ఆ ఆస్పత్రిలో అందరూ అతన్ని భద్రం అనేవాళ్లు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనపడదు. ఏ వస్తువు ఎవరి చేతికిచ్చినా "భద్రం" అంటాడు. చివరికి మెట్లెక్కి వెళ్లిపోయే మనిషిని కూడా అదే మాటతో సాగనంపుతాడు. పాత భవనం అడుగున, దుప్పట్లుతికే గదిని ఆనుకుని ఉన్న పొడవాటి గది అతని రాజ్యం. ఆస్పత్రి పుట్టినప్పటి నుంచి పోగైన సరంజామా అంతా అందులోనే ఉంది. గాజు సిరంజీలు, జలగల జాడీలు, చెవిటివాళ్లు చెవికి ఆనించుకునే ఇత్తడి బూరాలు, కర్ర స్టెతస్కోపులు, బీరువాల నిండా ఎప్పటెప్పటివో జ్వరం చీటీలు. ఆ చీటీల మీద ఎర్రగీత కొండలెక్కి దిగుతూ పోతుంది. పని లేనప్పుడు భద్రం ఆ గీత వెంట వేలితో నడిచేవాడు. గీత మైదానంలోకి దిగితే తనే కోలుకున్నట్టు ఊపిరి పీల్చుకునేవాడు. మధ్యలో ఆగిపోతే చీటీ మడిచేసి, కాసేపు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. మాట్లాడ్డానికి అక్కడ ఎవరూ ఉండరన్నది వేరే సంగతి.

ఆ గదికి ఒక నియమం ఉంది. నంబరు పడిన వస్తువు గడప దాటకూడదు. దాటాలంటే పెద్ద డాక్టరు, లెక్కల ఆఫీసరు, భద్రం ముగ్గురూ కూర్చుని ఒప్పుకోవాలి. దాన్ని రాసింది భద్రమే. అతనికి ముందు పనిచేసినాయన హయాంలో వస్తువులకి కాళ్లొచ్చేవి. మందులు తూచే తక్కెడ ఒకటి ఎవరింట్లోనో వంకాయలు తూస్తూ దొరికింది. ఇప్పుడు ఆ ఆటలు సాగవు. ఒకసారి పెద్ద డాక్టరమ్మే స్వయంగా కిందికి దిగి వచ్చి, పాత ఇత్తడి గంట ఒకటి తన బల్ల మీదికి కావాలని అడిగింది. భద్రం ఆమెను కూర్చోబెట్టి నియమాలన్నీ చదివి వినిపించాడు. ఆమె ఓపిగ్గా విని, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. ఆ ఏమీ అనకపోవడం భద్రం మనసులో ముల్లులా ఉండిపోయింది. ఏదో ఒకరోజు ఆమె దెప్పుతుందని, దానికి తగ్గ జవాబు తయారుచేసుకుని, అప్పుడప్పుడూ దుమ్ము దులిపి దాచుకునేవాడు.

తప్పు చేయని మనిషి అన్న బిరుదు అతనికి ఎవరూ ఇవ్వలేదు. తనకు తనే ఇచ్చుకున్నాడు. తీసుకోవడం తేలికే. మోయడానికే రోజంతా మెడ నిటారుగా పట్టుకోవాలి.

భద్రం మామగారు అదే ఆస్పత్రిలో ఆంబులెన్స్ నడిపి రిటైరయ్యారు. ఉద్యోగం వదిలింది గానీ ఆస్పత్రి ఆయన్ని వదల్లేదు. రోజూ మధ్యాహ్నం అల్లుడికి క్యారేజీ తెచ్చే వంకతో వచ్చి, ఆ గదిలో ఒక మూలనున్న వెనకటి పళ్ల డాక్టరు కుర్చీలో వాలి, కునుకు తీసేవారు. కునుకుకు ముందు కట్టుడు పళ్లు తీసి, అందుబాటులో ఏముంటే అందులో పెట్టేవారు.

ఆ రోజు పళ్ల విభాగం కొత్త భవనంలోకి మారుతూ, అక్కర్లేని పాత సామానంతా బుట్టలకెత్తి కిందికి పంపింది. భద్రానికి పూనకం వచ్చినట్టయింది. ముందు తెల్లరంగు ఒక చుక్క, దాని మీద నల్ల సిరాతో నంబరు, ఆ పైన చెరిగిపోకుండా వార్నిషు. అద్దాలు, పటకార్లు, కాలితో తొక్కి తిప్పే డ్రిల్లు, ఒకటొకటే బల్ల మీదికి రావడం, నంబరు పడటం, గాజు బీరువాలోకి వెళ్లడం. అలాంటప్పుడు పక్కన పెళ్లాం నిలబడినా నుదుటి మీద నంబరు వేసేలా ఉంటాడు. బల్ల అంచున స్టీలు ట్రేలో ఒక జత కట్టుడు పళ్లు కనపడ్డాయి. పైకెత్తి చూశాడు. నంబరు వేశాడు. పుస్తకంలో రాశాడు: "పై వరస, కింది వరస. బాగా వాడినవి. యజమాని ఎవరో తెలియదు."

యజమాని మూరెడు దూరంలో గురక పెడుతున్నాడు.

నిద్ర లేచిన మామగారికి పళ్లు కనపడలేదు. ఇంట్లోనే మర్చిపోయి వచ్చానేమో అనుకుని, ఖాళీ క్యారేజీ పట్టుకుని, నోరు మూసుకుని వెళ్లిపోయారు. సాయంత్రానికల్లా కొత్త వస్తువుల పేజీ కింద పెద్ద డాక్టరు, లెక్కల ఆఫీసరు సంతకాలు కూడా పడిపోయాయి.

భోజనాల దగ్గర బయటపడింది. మామగారు తన ముందున్న వేయించిన వేరుశెనగ గింజల వైపు, కదిలిపోతున్న రైల్లోని చుట్టాల్ని చూసినట్టు చూస్తున్నారు. పళ్లు లేనప్పుడు ఆయన మాట కూతురికి తప్ప ఎవరికీ సరిగ్గా అర్థం కాదు.

"తినవేం నాన్నా?" అంది కూతురు.

"పళ్లు లేవమ్మా. ఇల్లంతా వెతికాను. అల్లుడి గదిలో ట్రేలో పెట్టినట్టు లీలగా గుర్తు."

భద్రం చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. భార్య ఆ చేతినే చూసింది.

"ఏమండీ, మీరేమైనా చూశారా?"

"చూశాను," అన్నాడు. "నంబరు కూడా వేశాను."

"పోనీలెండి, దొరికాయి కదా. రేపు పట్టుకొచ్చేయండి."

"అదెలా కుదురుతుంది? నంబరు పడింది."

"అవి మా నాన్న పళ్లండీ."

"ఇవాళ మధ్యాహ్నం దాకా," అన్నాడు భద్రం. అన్నాక తనకే ఆ మాట బాగోలేదనిపించింది. కానీ వెనక్కి తీసుకోవడం అలవాటు లేదు.

మామగారికి ఒళ్లు మండింది. పళ్లు నూరుదామంటే పళ్లు లేవు. బల్ల మీద గట్టిగా చరిచి, కూతురి ద్వారా చెప్పించారు. ఆదివారం పాత ఆంబులెన్స్ డ్రైవర్లంతా కలుస్తున్నారు. వరదలో, వంతెన మీద, బండిలోనే కానుపైతే తన చొక్కా విప్పి బిడ్డను చుట్టిన కథ ఏటా ఆయనే చెప్పాలి. అది ఆయన కథ. ఆయనకి మాట పెగలకపోతే, హారన్ అని ఒకడున్నాడు, ఊపిరి తీసుకోకుండా మాట్లాడతాడు, వాడు లేచి చెప్పేస్తాడు. ఇప్పటికే పోయినేడు ఒకచోట "మేము" అన్నాడు. ఈ ఏడు "నేను" అంటాడు. కొత్త పళ్లు కట్టించాలంటే కొలతలకే నెల పడుతుంది.

"అయితే ఆ ముగ్గురినీ కూర్చోబెట్టండి," అంది భార్య.

"కూర్చోబెట్టి ఏమని చెప్పను?"

"జరిగింది చెప్పండి. పొరపాటైందని."

భద్రం నీళ్లు నమిలాడు. ఇంట్లో పళ్లున్న మగవాడు అతనొక్కడే, అతను నమిలింది నీళ్లు. ఆ రాత్రి పడక మీద చాలాసేపు తనతో తను వాదించుకున్నాడు. నియమం ముఖ్యం, మనిషి కాదు. ఇవాళ మామ పళ్లు వదిలితే రేపు ఇంకొకడి తాత కళ్లజోడు. వాదన చక్కగానే ఉంది. అయితే దాని అడుగున వేరే ఏదో చిన్నది, తడిగా, కదులుతోంది. పెద్ద డాక్టరమ్మ మొహం. ఆమె ముందు నిలబడి పొరపాటైందని అనడం. అది కనపడగానే మళ్లీ నియమం కప్పుకుని పడుకున్నాడు.

మర్నాడు మామగారు క్యారేజీతో రాలేదు. పాత సామాను చూసి రాసుకోవడానికి వచ్చే చదువరిలా వచ్చారు. చీటీ మీద పేరు రాశారు. ఏ విషయం మీద పరిశోధన అన్న చోట "పళ్లు" అని రాశారు. చీటీ సరిగ్గా ఉంటే, గదిలోనే చూసుకోవడానికి వస్తువు ఇవ్వక తప్పదు. భద్రం నూలు చేతితొడుగులిచ్చి, దూది పరుపు మీద పళ్లు పడుకోబెట్టి తెచ్చాడు.

"భద్రం," అన్నాడు.

మామగారు తొడుగులు వేసుకుని, పళ్లు తీసుకుని, టక్కున నోట్లో పెట్టుకున్నారు.

"మామయ్యా, వస్తువుని నోట్లో పెట్టుకోకూడదు."

"ఎక్కడ రాసుందో చూపించు." నిన్నటి నుంచి మొదటిసారి ప్రతి అక్షరం గంట కొట్టినట్టు వినపడింది.

భద్రం గోడ మీది నియమాల పలక చూశాడు. తడి చేతులతో ముట్టుకోకూడదు. తినుబండారాలు తేకూడదు. బల్ల మీద వాలకూడదు. నోటి సంగతి ఎవరికీ తట్టలేదు.

"లేదు కదా. అయితే ఇప్పుడు విను," అన్నారు మామగారు. "మా అమ్మాయిని నీకిచ్చేటప్పుడు, కుర్రాడు పద్ధతి గలవాడు అన్నారు. పద్ధతంటే ఇంత పద్ధతని ఎవడనుకున్నాడు? నా పళ్లకి యజమాని ఎవరో తెలియదని రాస్తావా? రోజూ నీ క్యారేజీ ఎవడు మోస్తున్నాడో తెలియదా? నీకు నంబరేసి ఆ బీరువాలో జలగల పక్కన పెడితే జలగలు జరిగి కూర్చుంటాయి."

వింతగా, తిట్లు వింటుంటే భద్రం దృష్టంతా కింది వరస మీద తను వేసిన నంబరు మీదే ఉంది. బాగా కుదిరింది. వంకర పోలేదు. మనిషి మనసు ఎక్కడికి పారిపోతుందో చెప్పలేం.

అంతలో మామగారు కూడా పారిపోయారు.

గుమ్మం దగ్గర వాచ్‌మన్ ఆపాడు. "సంచీ చూపించండి పెద్దాయనా." మామగారు ఖాళీ సంచీ దులిపి చూపించారు, జేబులు తిరగేశారు, పెదాలు బిగించి నవ్వారు.

"నోరు, నోరు చూడు," అంటూ భద్రం వెనక నుంచి పరిగెత్తుకొచ్చాడు.

"నోరు చూడమని నాకు ఆర్డరు లేదండి," అన్నాడు వాచ్‌మన్.

మామగారు దుప్పట్లుతికే గదిలో దూరి, ఆవిరిలోంచి అవతలి గుమ్మం గుండా మెట్లెక్కి పై నడవాలోకి తేలారు. అక్కడ ఖాళీ స్ట్రెచరు కనపడేసరికి పాత రక్తం పొంగింది. దాన్ని తోసుకుంటూ, నోటితో సైరను కూస్తూ దౌడు తీశారు. జనం గోడలకి అతుక్కుని దారిచ్చారు. వెనకాల వగరుస్తూ వస్తున్న భద్రాన్ని రోగి తాలూకు మనిషనుకుని అతనికీ దారిచ్చారు. ఒక నర్సు పక్కనే నడుస్తూ, "ఏమైందండీ?" అని ఆదరంగా అడిగింది.

"పళ్లు," అన్నాడు భద్రం.

"పళ్ల విభాగం కొత్త బిల్డింగులోకి మారిందండీ. ఇటు కాదు."

స్ట్రెచరు వెళ్లి వెళ్లి పెద్ద డాక్టరు గది తలుపు దగ్గర ఆగింది. తలుపు తెరుచుకుంది. పెద్ద డాక్టరమ్మ, ఆమె వెనక ఫైళ్లతో లెక్కల ఆఫీసరు. ఆమె ఖాళీ స్ట్రెచరునీ, తొడుగుల చేతులతో నిలబడ్డ పాత డ్రైవర్నీ, భద్రాన్నీ ఒకరి తర్వాత ఒకర్ని చూసింది.

"లోపలికి రండి," అంది.

నియమం ప్రకారం కూర్చోవలసిన ముగ్గురూ కూర్చున్నారు. మామగారు జరిగింది టూకీగా చెప్పేశారు. "బయటికి పంపడానికి ఏమేం కారణాలు ఉండచ్చు భద్రంగారూ?" అని అడిగింది పెద్ద డాక్టరు.

రెండున్నాయి. వస్తువు చరిత్రకి పనికిరానిదై ఉండాలి. లేదా నంబరు వేసినవాడు పొరపాటు పడి ఉండాలి. రెండోది రాసేటప్పుడు భద్రం, నింపడానికి ఏదో ఒకటి ఉండాలని రాశాడు.

"మొదటిదే మేడమ్," అన్నాడు వెంటనే. "ఆ పళ్లకి చారిత్రకంగా ఏ విలువా లేదు."

మామగారు కుర్చీలోంచి లేచారు. "ఏంటీ, విలువ లేదా? మేడమ్, నా సొంత పళ్లు ఎక్కడ పోయాయో అడగండి. ఈ ఆస్పత్రి బండిలోనే. దూడ అడ్డొచ్చిందని బ్రేకేస్తే స్టీరింగుకి కొట్టుకుని ముందు పళ్లన్నీ రాలాయి. రోగిని దింపాకే నోరు కడుక్కున్నాను. ఈ పళ్లు కట్టింది ఈ ఆస్పత్రి డాక్టరే. ఇవి చరిత్ర కాకపోతే ఇంకేది చరిత్ర?"

లెక్కల ఆఫీసరు కళ్లజోడు సవరించుకున్నాడు. "మేడమ్, వింటుంటే ఇది నిజంగానే దాచాల్సిన వస్తువులా ఉంది."

"నాకూ అలాగే ఉంది," అంది పెద్ద డాక్టరు. "చిన్న పలక కూడా రాయించి పెడితే బాగుంటుంది."

మామగారు మెల్లిగా కూర్చుని, అరచేత్తో నోరు మూసుకున్నారు. వేళ్ల సందుల్లోంచి అల్లుడి వైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు. ఆదివారం హారన్ లేచి నిలబడి, గొంతు సవరించుకోవడం ఆయన కళ్లకి కట్టినట్టు కనపడుతోంది.

ఇక రెండోది ఒక్కటే మిగిలింది. తప్పు ఒప్పుకుంటే తనలో ఏదో గోడ కూలుతుందని, ఆ శబ్దం నడవా చివరిదాకా వినపడుతుందని భద్రం భయం. పెద్ద డాక్టరమ్మ నవ్వుతుంది. గంట సంగతి ఎత్తుతుంది. దాచుకున్న జవాబు కోసం లోపల తడుముకున్నాడు. ఈ సందర్భానికి అది పనికొచ్చేలా లేదు.

"పొరపాటు నాదే," అన్నాడు. "మామయ్య పక్కనే నిద్రపోతున్నారు. నేను చూసుకోలేదు."

"సరే, అలాగే రాయండి," అని పెద్ద డాక్టరు సంతకం పెట్టి, పక్క ఫైలు తెరిచింది.

భద్రం కదల్లేదు. ఇంకా ఏదో ఉంటుందని ఎదురుచూశాడు. "ఇంకేమైనా ఉందా?" అని ఆమే అడిగింది. ఏమీ లేదు. గోడ కూలలేదు. అసలు అక్కడ గోడే లేదేమోనన్న అనుమానం వచ్చి, కాస్త మోసపోయినట్టు కూడా అనిపించింది. ఇన్నేళ్లు మెడ ఎందుకు నిక్కబెట్టినట్టు?

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి మామగారు లోపలి గదిలో అద్దం ముందు నిలబడి వరద కథ సాధన చేస్తున్నారు. నీళ్లు పోయినేటి కంటే ఎత్తుగా పొంగుతున్నాయి. భార్య స్టవ్ దగ్గర ఉంది. భద్రం వంటగది గుమ్మంలో నిలబడ్డాడు. నోట్లో ఆ మాట రుచి ఇంకా పోలేదు. చేదుగా ఉంటుందనుకున్నది కాస్తా ఇంకొంచెం కావాలనిపించేలా ఉంది.

"ఆ నల్ల గొడుగు బస్సులో మర్చిపోయింది నువ్వు కాదు," అన్నాడు. "నేను."

ఆమె గరిటె ఆపింది.

"మీ పిన్ని ఫోన్ చేసినప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను. ఆ పచ్చ చీర ఇస్త్రీలో కాలింది షాపులో కాదు. దారి నాకు తెలుసని చెప్పి మనందరం పెళ్లికి బదులు లారీల షెడ్డుకి వెళ్లామే, అప్పుడు నాకు దారి తెలియదు."

ఆమె చెయ్యి తుడుచుకుని వచ్చి అతని నుదురు ముట్టుకుని చూసింది. చల్లగానే ఉంది. లోపలి గదిలో వరద ఆగిపోయింది. మామగారు చెవి ఇటు పెట్టినట్టున్నారు.

ఆమె స్టవ్ కట్టేసి, స్టూలు లాక్కుని, అతనికి ఎదురుగా కూర్చుంది.

"ఊఁ," అంది. "ఇంకా?"