నాలుగు గంటల అద్దం

ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు వినీత టీ గ్లాసు పక్కన పెట్టి, కంప్యూటర్‌లోని ఫోటోల్లోంచి మనుషులను తుడవడం మొదలుపెట్టింది. తొర్రూరులో నాన్న కిరాణా దుకాణం మీది గదిలో ఆమె రోజూ చేసే పని అది. చిట్యాల దగ్గర శిథిలమైన రాతి మండపంలో లంబాడీ కుట్టుపని చేసే కమలాబాయి జనం చూడటానికి పది రోజుల కోసం కట్టిన అద్దాల పరదాను ఆ సాయంత్రం విప్పేస్తారు. ఆ తర్వాత జనం దాన్ని, ఈ ఫోటోలన్నీ కలిపి చేసే చిత్రంలో, ఫోనులోనే చుట్టూ తిరుగుతున్నట్టు చూడాలి.

కమలాబాయి కుట్టిన అద్దాల్లో మర్నాడు అదే వేళకు జరిగేది కనిపిస్తుంది. ఆమె తండావాళ్లు మిర్చి ఆరబోసే ముందు వాటిలో వాన చూసుకునేవారు. వినీతకూ తెలుసు. కానీ అడ్డొచ్చిన మనిషిని తీసేయడం చేతికి అలవాటు. నిన్న నాలుగింటికి మండపంలో తాను తీసిన ఫోటోలో, పెద్ద అద్దంలోని ఆకారాన్ని తుడిచేసి సేవ్ చేసింది. అప్పుడు గుర్తొచ్చింది, అది ఈరోజు నాలుగింటి కమలాబాయి అని. కెమెరా కార్డు అప్పటికే ఖాళీ చేసింది.

ఫోన్ చేసింది.

"అవ్వా, నిన్ను తుడిచేసిన."

"ఏడ బిడ్డా?"

"అద్దంల. నాలుగింటి అద్దంల."

"మరి మల్ల గియ్యరాదు? కడియాలు మర్వకు. పోయినసారి పేపరోళ్లు నన్ను మోకాళ్ల కాడికే ఏసిన్రు."

"నవ్వకు అవ్వా. నాకు భయమైతాంది."

"నాకు గాదా? గందుకే మాట్లాడుతున్న."

ఒంటిగంటకు కమలాబాయే ఫోన్ చేసింది. "బిడ్డా, ఎండల నిలవడితె నీడ సగమే పడుతాంది. జర జల్ది."

వినీత గుర్తున్నంత గీసింది. పైట, గాజులు, కడియాలు. ఎక్కడ నిలబెట్టాలో తెలియలేదు. కుడి స్తంభం దగ్గరా, ఎడమ స్తంభం దగ్గరా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఎడమవైపు కాస్త వెలుతురుంది. అక్కడే నిలబెట్టి, మూడూ నలభైకి సేవ్ చేసింది.

నాలుగింటికి ఫోన్ ఎత్తింది కమలాబాయి. "ఉన్న బిడ్డా. నీడ నిండుగున్నది. గని కుడిదిక్కు పరదా ముడులు ఇప్పుదామంటె కాళ్లు కదుల్తలెవ్వు. ఎడమ స్తంభం కాడనే..."

ఫోనులో పెద్ద చప్పుడు. కుడివైపు పైకప్పు రాయి కూలింది. దుమ్ములోంచి కమలాబాయి దగ్గు వినిపించే దాకా వినీత "అవ్వా, అవ్వా" అని పిలుస్తూనే ఉంది.

అంతకు ముందురోజు నాలుగింటికి వినీత పక్కనే నిలబడి, తన ఫోనుతో అదే అద్దాన్ని ఫోటో తీసుకున్న సహోద్యోగి జైపాల్, ఐదు రోజుల తర్వాత దాన్ని పంపాడు. అందులో కమలాబాయి కుడి స్తంభం కింద, ఆ రాయి కూలిన చోటే ఉంది.