మెరక వాటా

ఏరు పొంగి బజారంతా మునిగిన మరుసటి ఏడాది జరిగిన సంగతి ఇది. గోడల మీద నీటి చార ఇంకా పోలేదు. సున్నం కొట్టించుకున్న ఇళ్లలో కూడా నాలుగు రోజులకు మళ్లీ బయటపడేది.

ఆ చార పక్కనే మిషను వేసుకుని కూర్చున్న దర్జీకి ఆ రోజు కుట్టు తిన్నగా పడలేదు. కాలు తొక్కుతోంది గానీ చూపు వీధిలో ఉంది. ఫోను టవరు కంపెనీ ఇంజనీరు మళ్లీ వచ్చాడు. దుకాణం ముందు నుంచే నడిచి, సందు ఎక్కి, మెరక మీదున్న తమ్ముడి ఇంటికి వెళ్లాడు.

"వెళ్లాడు చూడు, అల్లుడు అత్తారింటికి వెళ్లినట్టు," అన్నాడు దర్జీ, పళ్ల మధ్య గుండుసూదులు తీయకుండానే.

భార్య బొత్తాలు కుడుతూ తల ఎత్తలేదు. "వెళ్తే వెళ్లనీండి. సూది చూసుకోండి, వేలు కుట్టుకుంటారు."

"వాడి డాబా మీద టవరు పెడతారంట. ఊరికే కూర్చుంటే అద్దె వచ్చి పడుతుందంట."

"ఆ మెరక వద్దన్నది మీరే కదా."

ఆ మాట సూదికంటే లోపలికి దిగింది. నిజమే. తండ్రి పోయాక వాటాలు వేసుకున్నప్పుడు ముందు కోరుకునే హక్కు పెద్దవాడిది. వీధి వైపు పల్లం అయితే దుకాణానికి బాగుంటుందని దర్జీ అదే తీసుకున్నాడు. రాళ్ల మెరక తమ్ముడికి మిగిలింది. "మేకలు పెంచుకోరా, కొండెక్కి మేస్తాయి," అని నవ్విందీ ఈ అన్నే. తమ్ముడు ఇళ్లకు రంగులేసే మనిషి. ఏళ్ల తరబడి రాయి కొట్టించుకుంటూ, గది మీద గది వేసుకుంటూ ఇల్లు నిలబెట్టుకున్నాడు. వరదలో తడవని ఇల్లు అదొక్కటే.

టవరు సంగతి కూడా చెప్పాలి. కాపురాలుండే వీధుల్లో టవరు కట్టరాదు, బజారు స్థలంలోనే కట్టాలి అని ఆ పట్టణంలో పాత నిబంధన ఒకటి ఉండేది. ఫోను ఉన్నవాడే గొప్పవాడైన రోజుల్లో రాసింది. అందువల్ల ఉన్న ఒక్క టవరూ ఏటి ఒడ్డునే ఉండిపోయింది. నీళ్లు రాగానే అదే ముందు మూగబోయింది. డాబాలెక్కిన జనం ఫోన్లు చెవికి పెట్టుకుని అరిచారు, పలికే దిక్కు లేదు. ఎవరు ఎక్కడ చిక్కుకున్నారో పడవవాడికి తెలియలేదు. చివరి వీధిలో ముసలి దంపతుల దగ్గరకు పడవ చేరేసరికి అక్కడ పిలిచే మనుషులు లేరు. వానలు మళ్లీ రాకముందే నిబంధన మార్చి, మెరక మీద టవరుకు అనుమతి ఇవ్వాలని పురపాలక సంఘం తలపెట్టింది. అందరినీ పిలిచి అభిప్రాయం అడుగుతామని చాటించింది.

ఇదంతా దర్జీకి తెలుసు. కానీ కడుపుమంట తెలివిని పక్కన కూర్చోనివ్వదు.

ఒక సాయంత్రం ఇంజనీరును ఆపి టీ ఇప్పించాడు. "మా డాబా కూడా ఒకసారి చూడండి బాబూ. గట్టి కట్టుబడి."

"గట్టిదేనండీ. కానీ మీది పల్లం. ఇక్కడ పెడితే మళ్లీ మునుగుతుంది," అన్నాడతను టీ తాగుతూ.

ఆ 'పల్లం' అన్న మాట దర్జీకి అన్నం తింటున్నా వినబడేది.

కొలతకు వచ్చినవాళ్లు కదలకుండా నిలబడతారు. ఏం చెప్పినా వినక తప్పదు. దర్జీకి ఆ వీలు బాగా పనికొచ్చింది.

"మెరక మీద టవరంట, విన్నావా అమ్మాయ్? చెయ్యి ఎత్తు. ఆ గాలికి చిన్నపిల్లల తలలు పాడవుతాయంట."

"అయ్యో, ఎవరన్నారు పెద్దయ్యా?"

"మా మరదలికి ఇప్పటినుంచే తలనొప్పి. ఇంకా కట్టనే లేదు. కట్టాక చూసుకో."

తమ్ముడి భార్య అయిన ఆ మరదలికి తలనొప్పి పెళ్లికి ముందు నుంచీ ఉన్నదే. అది ఎవరికి తెలుసు? ఒక్కో గౌనుతో ఒక్కో పుకారు మడతపెట్టి పంపాడు. మిల్లు పనికి వెళ్లే తల్లులు పిల్లల్ని ఆ మరదలి దగ్గరే వదిలి వెళ్లేవారు. అదే ఆమె బతుకుతెరువు. ఒకామె మానేసింది. తరువాత ఇంకొకామె. అందరూ నమ్మాలని దర్జీ తన మనవరాలిని కూడా మాన్పించాడు.

మరదలు మెట్లు దిగి దుకాణానికి వచ్చింది. "బావగారూ, పిల్లని పంపట్లేదేం?"

"జలుబు."

మిషను వెనకాల పిల్ల గుడ్డముక్కలతో ఆడుకుంటూ కిలకిల నవ్వుతోంది. మరదలు అటు చూసింది, బావగారిని చూసింది. "తగ్గాక పంపండి," అని వెళ్లిపోయింది.

సమావేశం రోజున హాలు నిండింది. సంఘం అధ్యక్షురాలు ఒకప్పుడు బళ్లో పాఠాలు చెప్పిన మనిషి. అందరూ పంతులమ్మ అనే అంటారు. దర్జీ లేచి, పిల్లల ఆరోగ్యం గురించి గొంతు వణికిస్తూ మాట్లాడాడు. తల్లులు తలలూపారు. పాత నిబంధనే ఉండనివ్వమని వెనక నుంచి కేకలు లేచాయి.

అప్పుడు తమ్ముడు లేచాడు. వేళ్ల సందుల్లో రంగు ఇంకా ఉంది. "వద్దులెండమ్మా. అన్నకి ఇష్టం లేని పని నాకొద్దు. వేరే చోటు చూసుకోండి."

"వేరే మెరక నీ జేబులో ఉందా?" అన్నాడు పడవవాడు. "ఈసారి నీళ్లొస్తే నేను ఎవరింటికి తెడ్డు వెయ్యాలి? అది చెప్పి కూర్చో."

దర్జీ గెలిచాడు. గెలిచినా లోపల చల్లబడలేదు. అడగకుండానే వదిలేసుకున్న తమ్ముడి మంచితనం చూసి, దానికి కూడా అసూయపడ్డాడు. అది తనకే తెలిసి సిగ్గేసింది.

"దర్జీగారూ, ఒక్క మాట," అంది పంతులమ్మ. "అదే టవరు మీ డాబా మీద పెడతామంటే ఒప్పుకుంటారా?"

దర్జీ ఇంజనీరు వైపు చూశాడు. అతను తల వంచుకుని బూటు తాడు కట్టుకోసాగాడు. టీ ఇప్పించి అడిగిన సంగతి అతను చెప్పదలిస్తే ఒక్క ముక్క చాలు. చెప్పలేదు. తమ్ముడు నేల చూస్తున్నాడు.

"అడిగాను," అన్నాడు దర్జీ. "నేనే అడిగాను. నాది పల్లం అన్నారు."

ఎవరో నవ్వారు. పిల్లల్ని మాన్పించిన తల్లులు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

పంతులమ్మ నెమ్మదిగా అంది. "భయం ఉంటే చెప్పండి, విందాం. బడికి ఎంత దూరం ఉండాలి, డాబా బరువు మోస్తుందా, గాలివానకు పడితే ఎవరి మీద పడుతుంది, జనరేటరు మోత ఎవరి నిద్ర చెడగొడుతుంది... ఇవి అడగాల్సినవే. తెలిసినవాళ్లతో పరీక్ష చేయించి, ఆ షరతులు నిబంధనలో పెడదాం. కానీ భయం ముసుగు వేసుకుని అసూయ వస్తే, అది రాయించే నిబంధన ఊరిని ముంచుతుంది. నిబంధన ఒకరి ఇంటిని చూసి రాసేది కాదు. ఊరి అవసరం చూసి రాయాలి. అవసరం మారితే దాన్నీ మార్చుకోవాలి."

షరతులతో కొత్త నిబంధనకు చేతులు లేచాయి. దర్జీ చెయ్యి అన్నిటికంటే ఆలస్యంగా లేచింది గానీ, లేచింది.

మర్నాడు పొద్దున అతను దుకాణం తలుపు తీయలేదు. మనవరాలిని ఎత్తుకుని, దగ్గరి సందు వదిలేసి, వీధంతా చుట్టి నడిచాడు. వాకిళ్లు చిమ్ముతూ, నీళ్లు పడుతూ ఉన్న తల్లులు, "ఎక్కడికి పెద్దయ్యా, ఇంత పొద్దున్నే?" అని అడిగారు. ప్రతి గుమ్మం ముందూ ఆగి చెప్పాడు.

"మా మరదలి దగ్గర పిల్లని దింపడానికి. నేను మీకు చెప్పింది అబద్ధం. మీ పిల్లల్నీ పంపండి."