పదికి ఎన్ని నిలిచాయి

నకానోలో పాత కెమెరాలు కొని అమ్మడం మొదలుపెట్టి ముప్ఫై ఏళ్లయింది. కంపెనీ కాగితం మీద ఏం రాసుకున్నా నాకు నా లెక్కే లెక్క. ఎదుటి గోడకు రైళ్ల వేళల పట్టిక అంటించి, కెమెరాను చేత్తోనే పట్టుకుని పది ఫొటోలు తీస్తాను. నిమిషాల అంకెలు చదవగలిగితే ఫొటో నిలిచినట్టు.

ఇసోబె గారు ఒక మధ్యాహ్నం వచ్చారు. నటులు మాస్కులు పెట్టుకుని ఆడే నోహ్ నాటకాలకు నలభై ఏళ్లుగా ఫొటోలు తీస్తున్న మనిషి. రెండేళ్లుగా ఆవిడ చేతులు వణుకుతున్నాయి. నాటకశాలలో వెలుగు తక్కువ, ఫ్లాష్ కూడదు, కూర్చునే మూలలో స్టాండుకు చోటు లేదు. వసంతకాలపు ప్రదర్శనకు తనే వస్తారో, మానుకుంటారో ఆ సాయంత్రం అయిదుకల్లా నాటకశాలకు చెప్పాలి.

"చేతి వణుకును కెమెరాయే లోపల సర్దుకుంటుందట. నాది కూడా సర్దుతుందా, టమాకి గారూ? మర్యాదకి అబద్ధం చెప్పకండి."

"మర్యాద ఉంటే ఈ వ్యాపారంలోకెందుకు వస్తానండీ," అన్నాను.

అలాంటి కెమెరా ఒకటి తీసి, మా కొట్లోని పాత ఇరవై నాలుగు మిల్లీమీటర్ల లెన్సు బిగించి, ఆ అంకె మెనూలో ఎక్కించాను. షట్టరు తెరిచి ఉండేది సెకనులో ఎనిమిదో వంతు. నా చేతిలో పది నిలిచాయి, ఆవిడ చేతిలో తొమ్మిది.

తర్వాత ఆవిడ వెంట తెచ్చుకున్న పాత నూట ముప్ఫై అయిదు. నటుడి మాస్కు దగ్గరగా కనిపించాలంటే ఆ లెన్సే కావాలి. సెకనులో పదిహేనో వంతు. నాకు రెండు. ఆవిడకి సున్నా.

నాకు లెక్క తేలిపోయింది: ఈ బరువుకు ఆవిడ చెయ్యి నిలవదు. బీరువా తెరిచి కొత్త లెన్సు తీశాను. "మీది బరువెక్కువ, చేతికి కష్టం. ఇది చూడండి."

ఆవిడ దానివైపు చూడలేదు. "కెమెరాలో ఆ సర్దుడు ఆపేయండి. ఇంకో పది తీస్తాను."

"ఆపితే ఇంకా పాడవుతాయి కదండీ."

"ఎంత పాడవుతాయో చూద్దాం."

తీశారు. రెండు వరసలూ పక్కపక్కన పెట్టి, అంకెలు ఎంత మేర అలుక్కుపోయాయో వేలితో కొలిచారు. వేలు వణికింది గానీ కొలత తప్పలేదు.

"రెండూ దాదాపు ఒకటే. తప్పు నా చెయ్యిదే అయితే, సర్దుడు ఉన్నప్పుడు కొంతైనా తగ్గాలి. తగ్గలేదు. అంటే పని చెయ్యనిది మీ కెమెరా."

ఒక పదిని ఇంకో పదితో పోల్చి చూడాలని ముప్ఫై ఏళ్లలో నాకు తట్టలేదు.

మూలన స్క్రూలు విప్పుతున్న మెకానిక్ మునకాత లేచి వచ్చి మెనూ తెరిచాడు. పాత లెన్సు తను ఎన్ని మిల్లీమీటర్లదో కెమెరాకు చెప్పుకోలేదు, మనమే చెప్పాలి. అక్కడ ఇంకా ఇరవై నాలుగే ఉంది.

"అయ్యగారు ఏనుక్కి పిల్లి చొక్కా తొడిగారు," అన్నాడు. "వణుకులో ఆరో వంతే సర్దుతోంది పాపం."

ఒక అంకె మార్చడం మరిచి ఆవిడ చేత నలభై ఏళ్ల పని మాన్పించబోయాను.

"తప్పు నాదండీ."

"తెలుసు. అంకె మార్చండి."

మార్చాను. నాకు తొమ్మిది. ఆవిడ మోచేతులు పక్కటెముకలకు ఆనించి, ఊపిరి సగం వదిలి నొక్కారు. ఆరు.

"నాలుగు పోయాయి," అన్నాను.

"మీరు పోయినవి లెక్కపెడతారు. నాటకశాల వాళ్లకి నాటకం మొత్తానికి పన్నెండు ఫొటోలు చాలు. నేను రెండొందలు తీస్తాను."

కెమెరా ఒక్కటే కొన్నారు. కొత్త లెన్సు బీరువాలోకి తిరిగి వెళ్లింది. ఆ బేరం పోయినందుకు ఆ రోజు నాకు బాధ కలగలేదు.

అయిదుకి పావుగంట ఉండగా ఆవిడ ఫోను తీశారు.

"ఇసోబెని. అవును, నేనే వస్తున్నాను. లేదండీ, సాయానికి ఎవరూ అక్కర్లేదు. ఆ మూల కుర్చీ మాత్రం ఎవరికీ ఇవ్వకండి."