బయటివైపు గడియ

ఆ ఇంటి వీధి తలుపుకి లోపలివైపు నలభై మూడు గడియలు, వానాకాలం పుట్టగొడుగుల్లా వాటంతటవే మొలిచినవి. ఒక్కటి మాత్రం బయటివైపు, తుప్పు పట్టి, ఎవరు లాగినా కదలకుండా ఉండేది. వీధిలో ఎవరూ దీన్ని వింతగా చూడలేదు. కొందరి గోడకి చెమ్మ పుడుతుంది, ఈవిడ తలుపుకి గడియలు పుడతాయి, అంతే! డెబ్బై రెండేళ్ల ఆవిణ్ణి గడియల మామ్మ అనేవారు. తలుపు కొట్టినవాళ్లు ఎవరో చెప్పి మూడడుగులు వెనక్కి జరగాలి. పాలవాడు జరిగేవాడు, మీటరు చూసేవాడు జరిగేవాడు, ఆఖరికి కన్నకొడుకూ జరిగేవాడు. మామ్మ అన్నీ తీసేలోపు పాలు విరిగిపోతాయని పాలవాడి బెంగ.

నెలనెలా మొదటి సోమవారం వడ్రంగి వచ్చి గడియలకి నూనె పెట్టేవాడు. నోట్లో నాలుక లేని ముసలాయన. అయినా ఆయన వెళ్లేదాకా మామ్మ కత్తెర పట్టుకుని వంటింట్లో తలుపేసుకునేది.

కొడుకు ఓపిక అయిపోయింది. "వయసండీ, మతి చలిస్తోంది" అన్నాడట డాక్టరు. వృద్ధాశ్రమం వాళ్లతో మాట్లాడేశాడు. మంగళవారం పదింటికి కారు.

"అక్కడ గదులకి గడియలే ఉండవు. అమ్మకి పీడ వదులుతుంది" అన్నాడు సంబరంగా. మామ్మ రెండు రోజులుగా మెతుకు ముట్టలేదు.

ఇక కోడలుందే, వట్టి అనుమానపు మనిషి. కొట్టువాడి తూకం నమ్మదు, మొగుడి చొక్కా జేబు నమ్మదు. వడ్రంగి వచ్చిన మర్నాడల్లా కొత్త గడియలు మొలుస్తున్నాయని క్యాలెండరు మీద గుర్తులు పెట్టింది. ఆ మంగళవారం పొద్దున్నే మామ్మ ఇంటికొచ్చి చూస్తే కొత్తవి ఆరు!

"అత్తయ్యా, నిజం చెప్పండి. ఆ వడ్రంగి మిమ్మల్నేమైనా అన్నాడా?"

"ఛ! ఆ పిచ్చిమాలోకమా? నాకు ఆ నూనె వాసన పడదు."

"ఏం నూనె?"

"కుట్టుమిషన్ నూనె."

"పెళ్లికి ముందు కుట్టు దుకాణంలో చేరి, వారానికే మానేశారట కదా? ఒళ్లొంగదని మావయ్యగారు నవ్వేవారు."

మామ్మ తలుపు వంక తిరిగింది.

"యజమాని మిషన్ బాగుచేస్తూ లేచొచ్చాడు. చేతుల నిండా నూనె. వెనకగది. వద్దన్నాను. రెండుసార్లు వద్దన్నాను. వెళ్తూ బయట గడియ పెట్టాడు, సాయంత్రం దాకా. అమ్మకి చెప్తే నోరు మూసుకోమంది. మూసుకున్నాను."

"ఇన్నేళ్లా?"

"నువ్వు మాత్రం నమ్ముతావా? దేన్నీ నమ్మవుగా."

"ఇది నమ్ముతున్నాను."

బయట ఠంగుమంది. తుప్పు గడియ ఊడి మెట్టు మీద పడింది. అప్పుడే కారూ వచ్చింది. లోపలి గడియలు నలభై తొమ్మిదీ వాటంతటవే టకటకా బిగుసుకున్నాయి.

"అమ్మా, నేనే! కారొచ్చింది."

"కారు పంపించెయ్యండి" అంది కోడలు లోపల్నుంచి.

"నువ్వెప్పుడు లోపలికెళ్లావే?"

"ఇందాకే. మూడడుగులు వెనక్కి జరగండి. తియ్యాలో వద్దో అత్తయ్య చెప్తారు."

కొడుకు తుప్పు గడియ చేత్తో పట్టుకుని వెనక్కి జరిగాడు. కారు వెళ్లిపోయింది. మామ్మ అన్నం పెట్టమంది. తిన్నాక, మధ్యాహ్నం, మొదటి గడియ తీసింది.

మరుసటి నెల వడ్రంగి చేతికి కోడలు వంటనూనె గిన్నె ఇచ్చింది. మర్నాడు పెన్ను పట్టుకుని తలుపు దగ్గర గడియలు లెక్కపెట్టింది. నమ్మకం కుదరక మళ్లీ లెక్కపెట్టింది. నలభై తొమ్మిదే. పెన్నుకి మూత పెట్టేసింది.