నోరు విప్పని పాఠం

ఆ బట్టల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ మైకు అనేవాళ్ళు. ఆ పేరు ఊరికే రాలేదు. కొత్తగా చేరినవాళ్ళకు మిషన్ పని నేర్పేది ఆమే. అన్ని మిషన్ల రొదనూ దాటుకుని చివరి వరస దాకా వినిపించే గొంతు అక్కడ ఆమెకొక్కదానికే ఉంది. చెప్పిందే చెప్పి, చెయ్యి పట్టుకుని చెప్పి, వద్దు మొర్రో అన్నా చెప్పి, ఎంత మొద్దు చేతికైనా పని అంటించి గానీ వదిలేది కాదు. అలాంటి మనిషి నలభై దాటాక ఇన్‌స్ట్రక్షనల్ టెక్నాలజీలో పీజీకి చేరింది.

"అదేం చదువే?" అని అడిగింది అత్తగారు.

"పాఠం చెప్పడం కాదత్తయ్యా. మనం పక్కన లేకపోయినా పని నేర్పే పాఠాన్ని తయారుచెయ్యడం."

"మాట్లాడకుండా నేర్పాలా? అయితే నీకు కష్టమేనే," అంది.

ఆవిడ నోట వృథా మాట రాదు. కష్టమే అయింది.

ఆఖరి ప్రాజెక్టుకు మైకు ఎంచుకున్నది ఓవర్‌లాక్ మిషన్‌కు దారాలు ఎక్కించడం. బట్ట అంచు పీచులు లేవకుండా కుట్టే మిషన్ అది. దానికి నాలుగు దారాలు. కింద దాక్కున్న రెండూ ముందు ఎక్కించాలి, కంటికి కనిపించే సూదులవి ఆ తర్వాత. వరస తప్పితే కుట్టు మొదలవగానే దారం తెగుతుంది. సూది ఎరిగినవాళ్ళంతా సూదితోనే మొదలుపెట్టి బోర్లా పడతారు.

ఆమె తీసిన మొదటి వీడియోను ప్రొఫెసరమ్మ చివరిదాకా ఓపిగ్గా చూసింది. "ఇందులో మీరు బాగా కనిపిస్తున్నారు, బాగా వినిపిస్తున్నారు. దారమే కనిపించడం లేదు," అంది. మైకు ఇంటికొచ్చి ముఖం ముడుచుకుని తిరిగింది. ఆ తర్వాత గుండె రాయి చేసుకుని, వీడియోలో తన గొంతంతా కోసేసింది.

ఈ చదువులో పరీక్ష కూడా వింతగా ఉంటుంది. ఆ మిషన్‌ను ఎన్నడూ ముట్టని మనిషిని తెచ్చి, ఎదురుగా పాఠం ఉన్న ట్యాబ్ పెట్టాలి. ఆ మనిషి పాఠం చూసుకుంటూ పని పూర్తి చెయ్యాలి. పాఠం తయారుచేసినవాళ్ళు వెనక కుర్చీలో కూర్చోవచ్చు గానీ నోరు విప్పకూడదు, సైగ చెయ్యకూడదు. ఒక్క మాట జారినా పరీక్ష రద్దు.

మొదటిసారి ఫ్యాక్టరీ ఆఫీసు గుమస్తాను కూర్చోబెట్టింది. దారం తగిలించాల్సింది కుడిపక్క కొక్కానికైతే, వీడియో చూసుకుంటూనే అతను ఎడమపక్కది పట్టుకున్నాడు. "అటు కాదయ్యా బాబూ!" అన్న కేక గది దాటి వరండాలోకి పోయింది. ప్రొఫెసరమ్మ పెన్ను మూసేసింది. ఇక మిగిలింది ఒక్క అవకాశం. అదీ పోతే డిగ్రీ లేనట్టే.

ఆ రోజు మైకు గుమస్తాను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. తిట్టి అలిసిపోయాక వీడియో మళ్ళీ పెట్టుకుని చూసింది. అప్పుడు తెలిసింది తప్పెవరిదో. ఆ వీడియోను తను మిషన్‌కు ఎదురుగా నిలబడి తీసింది. అది నేర్పేవాళ్ళు నిలబడే చోటు. కూర్చున్నవాళ్ళకు అక్కడి కుడి ఎడమవుతుంది. ఇన్నేళ్ళూ ఆ తేడాను తన నోటితో పూడుస్తూ వచ్చింది. మర్నాడు భోజనాల వేళ ఫోన్‌ను గుడ్డతో నుదుటికి కట్టుకుని, మిషన్ ముందు కూర్చుని, పాఠమంతా చిన్న చిన్న బొమ్మలుగా మళ్ళీ తీసింది. "తలనొప్పా అక్కా?" అని పలకరించినవాళ్ళకు, "కాదమ్మా, చదువు తలకెక్కింది," అని చెప్పింది. చివర్లో 'దారం తెగిందా?' అన్న బొమ్మ ఒకటి చేర్చింది. దాన్ని నొక్కితే వరస మొదటికి తీసుకెళ్తుంది.

ఇక మనిషి కావాలి. ఫ్యాక్టరీలో ఆమె చేతి కింద నేర్చుకోనివాళ్ళు దొరకలేదు. ఇంట్లోవాళ్ళైనా సరే, ముందుగా ఏమీ చెప్పకపోతే చాలంది ప్రొఫెసరమ్మ. భర్త మెకానిక్, ఏ మిషన్ దగ్గరైనా సొంత తెలివి చూపిస్తాడు, పాఠం చూడడు.

"నేనొస్తా," అంది అత్తగారు.

"మీకు మిషన్లంటే భయం కదత్తయ్యా!"

"భయమే. అయినా వస్తా. నువ్వు నోరు మూసుకుని కూర్చోవడం నా కళ్ళతో చూడాలి కదే."

పరీక్ష రోజు ప్రొఫెసరమ్మ పక్కన, బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు కూడా కూర్చున్నాడు. అత్తగారు కళ్ళజోడు సర్దుకుని, ట్యాబ్‌లో మొదటి బొమ్మ సగం చూసి, సూదులకు దారం ఎక్కించింది. సూదిలో దారం ఆవిడకు తెలిసిన విద్య. మైకు చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని పళ్ళ మధ్య బిగించింది.

అన్ని దారాలూ ఎక్కాయి. అత్తగారు పెడల్ తొక్కింది. దారం పుటుక్కుమంది.

ఆవిడ వెనక్కి తిరిగి కోడలి వైపు చూసింది. "చెప్పానుగా, నాకు మిషన్లు అచ్చిరావని," అంది సన్నగా. మైకుకు ఏడుపొచ్చింది. అంత పెద్దావిడను తెచ్చి నలుగురిలో చిన్నబుచ్చానే అనుకుంది. ఒక్క మాట, కిందివి ముందు అత్తయ్యా అన్న ఒక్క మాట చాలు. ఆ మాటను మింగి తల వంచుకుంది.

అత్తగారు ఎదురుచూసి చూసి మళ్ళీ ముందుకు తిరిగింది. ట్యాబ్‌లో తెగిన దారం బొమ్మ కనిపించింది. నొక్కింది. "ఓహో, కిందివి ముందా?" అనుకుంటూ దారాలన్నీ పీకేసి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి ప్రతి బొమ్మ దగ్గరా ఆగింది. తెరలో చెయ్యి ఎటు వెళ్తే ఆవిడ చెయ్యీ అటే వెళ్ళింది. పెడల్ తొక్కితే మిషన్ గలగలమంటూ బట్ట అంచంతా కుట్టుకుంటూ పోయింది. బట్ట అయిపోయినా ఆవిడ ఆపలేదు.

పరీక్షకుడు ఆ అంచును వేలితో లాగి చూశాడు. "బాగుందమ్మా. ఎవరు నేర్పారు మీకు?"

"ఎవరు నేర్పారండీ? మా కోడలు అదిగో, అక్కడే కూర్చుంది. ఒక్క ముక్క చెప్తేనా! ఎవరూ నేర్పలేదు. నేనే నేర్చుకున్నా."

ప్రొఫెసరమ్మ నవ్వుతూ మైకు వైపు తిరిగింది. "పాసయ్యారు. ఇక మాట్లాడొచ్చు," అంది. మైకు నోట్లోంచి రుమాలు తీసి ముందు కళ్ళు తుడుచుకుంది.

ఇంటికెళ్ళే బస్సులో అత్తగారు ఆ కుట్టిన గుడ్డను పక్క సీటావిడకు చూపించింది, ముందు సీటాయనకు చూపించింది, టికెట్లిచ్చే కండక్టర్‌కూ చూపించింది. అందరికీ అదే మాట, ఎవరూ నేర్పలేదు, నేనే నేర్చుకున్నానని. మైకు కిటికీ పక్కన కూర్చుని ఆ మాట వచ్చినప్పుడల్లా చెవులప్పగించి వింది. ఇన్నేళ్ళ మెప్పులన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు.

"అత్తయ్యా, ఇంకోసారి చెప్పండి. ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదని ఎన్నిసార్లు చెప్పాలే?" అని కసురుకుంది అత్తగారు.