మూడో మొగ్గ

ఇలా దగ్గరికి జరుగు, అమ్మడూ. ఆ దుప్పటి కాళ్ళ మీదికి లాక్కుని కూర్చో. మీ తాతయ్యకు ఒక అక్క ఉండేది, నాకు వదిన. మెట్ల మీద ఆడుకునే పిల్లలంతా ఆవిణ్ణి భూతద్దం అని పిలిచేవాళ్ళు. మెడలో తాడుకు కట్టిన భూతద్దం ఎప్పుడూ వేలాడుతూ ఉండేది, ఆవిడ ఎప్పుడూ ఒక కన్ను మూసుకుని ఏదో ఒకదానిలోకి తొంగి చూస్తూ ఉండేది. ఆవిడ పెంచిన పువ్వు గురించి చెబుతాను. పువ్వంటే చామంతంత అనుకునేవు. ఆవగింజ కన్నా కాస్త పెద్దది, అంతే.

అప్పుడు మేం మూడో అంతస్తులో ఉండేవాళ్ళం. వంటింటిని ఆనుకున్న గది మాది, కిటికీ ఉన్న గది వదినది. ఆవిడ బల్ల మీద ఒక గాజు పెట్టె, దానికొక బుల్లి ఫ్యాను, పైన దీపం, గది మూల హీటరు. పెట్టెలో చెట్టు బెరడు ముక్కలకు నాచుతో కట్టిన చిట్టి ఆర్కిడ్ మొక్కలు. మట్టి లేదు, కుండీ లేదు. ఆకు చూస్తే పసిపిల్ల చిటికెనవేలి గోరంత. పట్టి ఉంచిన వాన నీళ్ళు తప్ప ఇంకో నీళ్ళు వాటికి పడవు. పొద్దున్నే తుంపరగా కొట్టాలి, మధ్యాహ్నానికి ఆరిపోవాలి. నా పిల్లలకు కూడా ఇన్ని మర్యాదలు జరగలేదు.

అందులో ఒక మొక్క మీదే వదిన ప్రాణమంతా. పెద్ద తోటలో మొక్కల కోసం కట్టిన అద్దాల ఇంటిని చూసుకునే ఆయన, సీసాలో మొలిచిన పసి మొక్కలు ఇచ్చాడు. సీసాలోంచి తీసిన రోజు గుప్పెడు ఉండేవి. కొన్ని కుళ్ళిపోయాయి, కొన్ని ఎండిపోయాయి, చివరికి ఒకటి మిగిలింది. మీ నాన్న పాకే రోజుల్లో తెచ్చిన మొక్క అది. వాడు ఎక్కాలు అప్పజెప్పే రోజులు వచ్చినా అది ఆకు మీద ఆకు వేస్తూ కూర్చుందే తప్ప పూయలేదు.

"ఇది మొక్కా, ప్లాస్టిక్కా అక్కా?" అని మీ తాతయ్య ఆటపట్టించేవాడు.

"నీకంటే నయంరా. ఏడాదికో ఆకైనా వేస్తోంది" అనేది వదిన.

ఆ చలికాలం దానికి దారప్పోగులాంటి కాడ వచ్చింది. కాడకు మూడు మొగ్గలు.

అద్దాల ఇంటాయన వచ్చి చూశాడు కానీ నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని మెల్లగా చెప్పాడు. "ఈ రకం మీ దగ్గర ఒకటుంది, నా దగ్గర ఒకటుంది. ఇంకెక్కడా ఉన్నట్టు నాకు తెలీదండీ. నాది పూసింది, కానీ మొదలు కుళ్ళుతోంది, బతకదు. దీని పుప్పొడి దీనికే పెడితే కాయ కట్టదు, వేరే మొక్కది కావాలి. నా పువ్వుది తీసి కాగితంలో మడిచి ఫ్రిజ్‌లో దాచాను. అదీ ఎక్కువ రోజులు ఆగదు."

"ఈలోపల ఇది విచ్చుకోకపోతే?" అంది వదిన.

"మీ మొక్క ఉన్నన్నాళ్ళు ఉంటుంది. తర్వాత ఈ రకం ఉండదు."

ఆ రోజు నుంచి మా ఇంట్లో తలుపు గట్టిగా వేసినా తప్పే, తుమ్మినా తప్పే.

మొదటి మొగ్గ ఉబ్బింది. రేపో మాపో అనుకుంటూ ఉండగానే పచ్చనిది కాస్తా పసుపు తిరిగింది. మర్నాడు పొద్దున చూస్తే నాచు మీద రాలి పడి ఉంది. వదిన దాన్ని వేలి కొసన పెట్టుకుని చాలాసేపు భూతద్దంలో చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"నిన్న నీళ్ళు కొట్టింది నువ్వే కదూ?"

"నేనే వదినా. మీరు కొట్టమంటేనే కదా."

"ఏ నీళ్ళు?"

"వాన నీళ్ళే."

"డబ్బా బరువుగా ఉందని కుళాయి తిప్పలేదు కదా?"

నాకు ఒళ్ళు మండింది. "మీ మొక్క మీద నాకంత కసి ఏముంది?"

"కసి అనలేదమ్మా. బద్ధకం అన్నాను."

ఇక నన్ను ఆ పెట్టె ముట్టుకోనివ్వలేదు. నీళ్ళు తనే కొట్టుకుంది, దీపం తనే వేసుకుంది. అయినా రెండో మొగ్గ కూడా అలాగే పసుపు తిరిగి రాలింది. ఈసారి నా మీద నెపం వెయ్యడానికి లేదు. వదిన అన్నం కంచం ముందు పెట్టుకుని, కలపకుండా అలాగే కూర్చుంది. మూడో మొగ్గ అప్పుడే ఉబ్బడం మొదలుపెట్టింది.

ఆ మధ్యాహ్నం నేను వదిన గది ఊడుస్తున్నాను. ఆవిడ బల్ల దగ్గర ఉంది. మీ తాతయ్యది పళ్ళ కొట్టు కదా, పైపుల కోసం వీధంతా తవ్వి పారేశారు, కొట్టు వెనక గది బురదైపోయింది. అరటికాయలు పండేసుకోవడానికి చోటు లేక, అక్క గది వెచ్చగా ఉంటుందని పెట్టెలన్నీ తెచ్చి ఆవిడ మంచం కింద పెట్టుకున్నాడు. ఒక పెట్టె బయటికి లాగి, పచ్చికాయల మధ్య రెండు మచ్చలు పడిన పళ్ళు దూర్చి గోనెపట్టా కప్పుతున్నాడు. ఆయన అలా చెయ్యడం నేను ఎన్నిసార్లు చూశానో. ఆ రోజెందుకో అడిగాను.

"ఆ రెండూ లోపల ఎందుకండీ?"

"పండిన దాని ఊపిరి తగిలితే పచ్చికాయ తొందరపడుతుంది. ఇన్నేళ్ళు కాపురం చేసి ఇదీ తెలీదా నీకు?"

నా చేతిలో చీపురు అలాగే ఆగిపోయింది. మంచానికీ బల్లకీ మధ్య చెయ్యి చాపితే అందేంత దూరం.

"కాయే తొందరపడితే, పక్కనున్న మొగ్గ ఏం చేస్తుందండీ?"

ఆయన నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. వదిన వెనక్కి తిరిగి మంచం కిందికి చూసింది.

"ఎప్పుడు పెట్టావురా ఇవి?"

"మొగ్గలు వచ్చాకే. నువ్వే పెట్టుకోమన్నావు కదక్కా."

"నేనే అన్నాను" అంది వదిన.

ఆయన గోనెపట్టా అంచు వేళ్ళతో నలుపుతూ కూర్చున్నాడు. "బయట ఈ చలికి పెడితే తొక్క నల్లబడిపోతుంది. ఇక ఎవడూ ముట్టుకోడు. కొట్లో ఉన్న సరుకల్లా ఇదే."

వదిన తీసెయ్యమని అనలేదు. అని ఉంటే బాగుండేది, ఆయన పోట్లాడేవాడు. మూడో మొగ్గ వైపు చూస్తూ కూర్చుంది, అంతే. ఆయన లేచి, తనలో తనే ఏదో తిట్టుకుంటూ, పెట్టె భుజానికెత్తుకున్నాడు. ఒకదాని తర్వాత ఒకటి అన్నీ మెట్ల దగ్గరికి చేర్చాడు. ఇంట్లో ఉన్న బొంతలన్నీ వాటికి చుట్టాను. మాకు కప్పుకోవడానికి పాత చీరలే మిగిలాయి. అయినా సగం సరుకు నల్లబడింది. ఆయన ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

పెట్టెలు పోయినా గదిలో గాలి అదే కదా. కిటికీ తీస్తే చలిగాలి మొగ్గను మాడ్చేస్తుంది, తియ్యకపోతే ఆ ఊపిరి లోపలే తిరుగుతుంది. వదిన గాజు పెట్టెకు తన శాలువా చుట్టి, చెయ్యి లోపలికి దూర్చి వెచ్చదనం చూస్తూ నిలబడింది. నేనూ మీ తాతయ్యా కిటికీ తెరిచి, పాత చీర చెరో కొస పట్టుకుని ఈగల్ని తోలినట్టు గాలిని బయటికి తోలాం. "చాలు, మూసెయ్యండి" అనేది. మూసేవాళ్ళం. కాస్త వెచ్చబడ్డాక "ఊఁ, తియ్యండి" అనేది. చీకటి పడే వరకూ అదే పని.

మర్నాడు మొగ్గ కొసన ఏదో పసుపు. అది రంగో, నీడో తెలీలేదు. ముగ్గురం వంతులేసుకుని భూతద్దంలో చూశాం. బాగానే ఉందన్నాడు మీ తాతయ్య. ఆయన ఏ సరుకు చూసినా ఆ మాటే అంటాడు. నాకు పసుపే కనిపించింది. వదిన మళ్ళీ భూతద్దం అందుకుంది.

ఆ పసుపు పెరగలేదు. తరగనూ లేదు. కొన్నాళ్ళకు ఒక పొద్దున మొగ్గ విచ్చుకుంది. ద్రాక్షతొక్క రంగు, అంచున నూగు. కొసనున్న పసుపు దాని సొంత రంగే.

అద్దాల ఇంటాయన కాగితం పొట్లం పట్టుకుని ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. అందులో రెండే పుప్పొడి ముద్దలు, దుమ్ము నలుసుల్లా. ఆయన వేళ్ళు లావు, ఆ పనికి పనికిరావు. వదిన అగ్గిపుల్ల కొస చెక్కి ఒక ముద్ద ఎత్తింది. పువ్వు దాకా తెచ్చింది. ముద్ద నాచులో పడిపోయింది. ఎంత వెతికినా దొరకలేదు.

వదిన అగ్గిపుల్ల నా వైపు చాపింది.

"నువ్వు పెట్టమ్మా."

"నేనా? బద్ధకస్తురాలిని కదా."

"ఎత్తిపొడుపులు తర్వాత. నా చెయ్యి నిలవడం లేదు."

పుల్ల అందుకున్నాను. భూతద్దం వదిన పట్టుకుంది. పువ్వు మధ్యలో జిగురుగా చిన్న గుంట. ముద్దను దానికి ఆనించాను. పుల్ల వెనక్కి తీశాను. ముద్ద పుల్లతో రాలేదు.

మర్నాటికే పువ్వు ముడుచుకుని వాలిపోయింది. వదిన మంచం మీద కూలబడింది. "కాయ కట్టినా పువ్వు వాలుతుంది, కట్టకపోయినా వాలుతుంది. వెనకున్న కాడ చూడండి, అది పసుపు తిరిగితే ఇక లేనట్టే" అని అద్దాల ఇంటాయన ముందే చెప్పాడు. పొద్దున లేస్తూనే కాడ చూడడమే మా పని.

ఒక రోజు వదిన చూసి, భూతద్దం మెడలోంచి తీసి నా చేతిలో పెట్టింది. కాడ పచ్చగా ఉంది. మధ్యలో బియ్యపు గింజలా ఉబ్బింది.

"తమ్ముణ్ణి కేకెయ్యి" అంది.

కాయ పండడానికి నెలలు పట్టింది. అందులోని పొడిలాంటి గింజల్ని అద్దాల ఇంటాయన సీసాల్లో చల్లాడు. సీసాల నిండా పచ్చటి చుక్కలు లేచాయి. వదిన వాటిని చూసింది. వాటి పువ్వులు చూసేంత కాలం ఆవిడకు లేదు. నేను చూశాను.

గుర్తుంచుకో, అమ్మడూ. నీకూ వినేవాళ్ళు దొరికినప్పుడు చెప్పు. గబగబా చెప్పెయ్యకు. మొగ్గలు రాలిన చోట కాస్త ఆగు. మూడోది ఉబ్బడం మొదలుపెట్టింది అక్కడే.