టోపీ బాతు సూడాన్ వెళ్లింది

బాల్కనీలో బట్టలు ఆరేసి నాగరత్నమ్మ లోపలికి వచ్చేసరికి వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. తన్మయి చెప్పులు లేవు.

"తన్మయమ్మా!"

మంచం కింద, పరదాల వెనక, బాత్రూమ్‌లో వెతికింది. ఐదేళ్ల పిల్ల ఎక్కడా లేదు. పాప తల్లీతండ్రీ ఆఫీసులకు వెళ్లారు. పిల్లని ఆ ఇంటి ఆయా అయిన తన చేతిలో పెట్టి వెళ్లారు. మేడపైన ఈత కొలను, కింద అల్ నహ్దా రోడ్డు మీద ఆగని కార్లు. నాగరత్నమ్మ వట్టికాళ్లతోనే లిఫ్టెక్కి కిందికి దిగింది.

"మా పాప గానీ బయటికెళ్లిందా బాబూ?"

"నా ముంగటికెల్లి చీమ గూడ పోలే అవ్వా," అన్నాడు వాచ్‌మన్ లింబాద్రి. "ఏడ్వకు. నేను పైకి పోయి పూల్ చూసొస్త."

ఇరవై రెండేళ్ల కిందట, పనికోసం ఈ దుబాయ్‌కి బయల్దేరిన రోజు, ఏడుస్తుందని కూతురు దేవిని లేపకుండానే వచ్చేసింది. లేచాక ఆ పిల్ల ఇల్లంతా ఇలాగే వెతికిందట.

పాప తల్లికి ఫోన్ చేద్దామని మళ్లీ పైకొచ్చింది. ఫోన్ పక్కనే, గోడ మీద రాజమండ్రి నుంచి తెప్పించిన ప్రపంచ పటం. బడిలో వారానికో దేశం గురించి చెబుతారు. పిల్లకి ఒక్క ముక్క ఎక్కేది కాదు. టీవీ బొమ్మల్లో దానికి ప్రాణమైన టోపీ బాతుని అట్ట మీద గీసి, కత్తిరించి, నాగరత్నమ్మే పటం మీద దేశాలు తిప్పడం మొదలుపెట్టింది. బాతు జపాన్‌లో వంగి దణ్ణం పెట్టింది, మెక్సికోలో మొక్కజొన్న రొట్టె తింది. బాతు ఎక్కడికెళ్లినా చెప్పి వెళ్లాలి. ఆ షరతు మాత్రం బడిది కాదు, నాగరత్నమ్మది.

పొద్దున ఇండియా మీదున్న బాతు ఇప్పుడు ఆఫ్రికాలో ఉంది. కూడబలుక్కుని చదివింది. సూడాన్.

"నాలుగో అంతస్తు సల్మా ఆంటీ వాళ్లది ఆ దేశమే," అని నిన్న చెప్పింది తనే!

మెట్ల మీదుగానే పరుగెత్తింది. సల్మా తలుపు తీసింది. లోపల తివాచీ మీద తన్మయి, మూతి నిండా ఎరుపు. నెత్తురేమో అనుకుంది నాగరత్నమ్మ.

"అమ్మమ్మా, గోంగూర పూల షర్బత్! సలాం చెప్పాకే తాగాను."

నువ్వే పంపావనుకున్నాను అంది సల్మా హిందీలో, బిత్తరపోయి.

"చెప్పకుండా వచ్చేస్తావటే!" చెయ్యెత్తింది నాగరత్నమ్మ.

"చెప్పే వచ్చాను కదా. బాతుని చూళ్లేదా?"

ఎత్తిన చెయ్యి కిందికి జారింది.

"చూశానమ్మా."

గుమ్మంలోనే కూలబడి పిల్లని ఒళ్లోకి లాక్కుంది. ఆ రోజు దేవి లేచి చూసేసరికి, గోడ మీద ఏ బాతూ లేదు.